సర్వర్ లేచే ఉంది

మూడో నంబరు కిటికీ దగ్గర కూర్చునే ఆవిడ ఏడేళ్ళు రెండే మాటలతో నెట్టుకొచ్చింది. మొదటిది "సర్వర్ డౌన్". రెండోది "రేపు రండి".

అవి అబద్ధాలని ఆవిడ అనుకోలేదు. అబద్ధమాడే మనిషి కాదు. సర్వర్ అంటే ఎక్కడో చల్లని గదిలో ఉండే పెద్ద యంత్రమనీ, ఒంట్లో బాగోలేనప్పుడు తెర మీద ఏదో ఒక అంకె వేసి పడుకుంటుందనీ నమ్మింది. 404 వచ్చినా, 403 వచ్చినా, 500 వచ్చినా, 503 వచ్చినా ఆవిడకు అన్నీ ఒకటే జ్వరం. జ్వరం ఎంతుందో చూడడానికి వచ్చినవాళ్ళు డాక్టర్లు కారు కదా. వాళ్ళకు కావలసింది ఎప్పుడు తగ్గుతుందన్నది. రేపు తగ్గుతుంది. రేపు రండి.

అందరూ ఆవిడను టీచరమ్మ అంటారు. ఈ ఉద్యోగానికి ముందు ఇరవై రెండేళ్ళు టైపు నేర్పింది. మందుల షాపు మీద పొడుగాటి గది, పదకొండు మిషన్లు, గోడకు ఒక గడియారం. ఆ గదిలో ఆవిడ చెప్పిందే చట్టం. కళ్ళు కాగితం మీద ఉండాలి, వేళ్ళు మీటల మీద ఉండాలి, బుర్ర ఇంటి దగ్గర పెట్టి రావాలి అనేది. కాగితంలో ఏముందో అదే కొట్టాలి. వాక్యం అయిపోతే చుక్క పెట్టాలి. చుక్క లేని కాగితాన్ని చదవకుండానే తిప్పి ఇచ్చేసేది. పిల్లలు వెనకాల చుక్కల టీచరు అనుకునేవాళ్ళు. ఆవిడకు తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోయేది.

తర్వాత టైపు మిషన్ల కాలం చెల్లింది. ఒక మధ్యాహ్నం పదకొండు మిషన్లనూ పాత ఇనుము బండిలోకి ఎక్కించారు. గది ఖాళీ అయింది. ఎవరో పుణ్యాత్ముడు సిఫారసు చేస్తే ప్రజా సహాయ కేంద్రంలో మూడో నంబరు కిటికీ దొరికింది. గాజు పలక, దానికి మాటలు వెళ్ళడానికి గుండ్రటి కంత, కాగితాలు వెళ్ళడానికి కింద సందు. అవతల నేలకు బిగించిన ఇనుప కుర్చీలు. ఇవతల కంప్యూటరు. కిటికీ పని చెప్పడమే, చేసిపెట్టడం కాదు అన్నది అక్కడి నియమం. జనం తమ ఫోనుల్లో తామే దరఖాస్తులు పెట్టుకోవాలి. పేజీ రాకపోతే ఈవిడ దగ్గరికి వచ్చి అడగాలి. అడిగితే ఈవిడ ఆ రెండు మాటలు చెప్పాలి.

ఒక సోమవారం ఆఫీసరు ఆవిడను పిలిచాడు.

"వినికిడి కేంద్రం వాళ్ళు చెవి మిషన్లు ఉచితంగా ఇస్తున్నారట టీచరమ్మా. దరఖాస్తు వాళ్ళ వెబ్‌సైటులోనే. శుక్రవారం సాయంత్రం అయిదింటికి ఆఖరు. మళ్ళీ ఏడాది దాకా లేదు. ఆ అడ్రసు చీటీల మీద కొట్టి పంచండి."

ఆవిడ కొట్టింది. ఒక వాక్యం, కింద వెబ్‌సైటు అడ్రసు, చివర చుక్క. రెండు వందల చీటీలు. స్కేలు పెట్టి చింపింది. ఏ చీటీ అంచూ వంకర పోలేదు. చాలా రోజుల తర్వాత చేతినిండా తనకు వచ్చిన పని చేసినట్టనిపించింది.

మంగళవారం ఒక ఆడమనిషి చీటీ పట్టుకుని తిరిగి వచ్చింది. ఆసుపత్రి లాండ్రీలో పని చేస్తుంది. వేళ్ళ చివర్లు నానిపోయి, తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.

"టీచరమ్మా, ఇందులో నాలుగొందల నాలుగు అని పడుతోంది. అది మా టోకెన్ నంబరా?"

"టోకెనూ లేదు, ఏమీ లేదు. సర్వర్ డౌన్. రేపు రా."

"రేపు లేస్తుందా?"

"లేస్తుంది."

లాండ్రీ ఆమె వెళ్ళలేదు. వెనకాల వరసలో ఎవరూ లేరు గనక కంతకు దగ్గరగా నోరు పెట్టి చెప్పుకుంది. మిషన్ తనక్కాదు, ఇంటాయనకు. సామిల్లులో రంపం మేస్త్రీ. ముప్ఫై ఏళ్ళు రంపం పక్కన నిలబడితే చెవులు రెండూ మొద్దుబారిపోయాయి.

"కిందటి నెల వెనకనించి దుంగ దొర్లింది టీచరమ్మా. మిల్లు మిల్లంతా కేకలు. ఈయన నింపాదిగా టీ తాగుతున్నాడు. దుంగ చెప్పు మీదనించి పోయింది. చెప్పు పోయింది, కాలు మిగిలింది. నెలాఖరుకల్లా చెవి మిషనైనా పెట్టించుకో, ఇంట్లోనైనా కూర్చో అన్నాడు ఓనరు. కూర్చుంటే నాకేం, నేను తిట్టేది వినపడదు గనక మా ఇంట్లో తగువులే లేవు. తిండి సంగతే ఆలోచిస్తున్నా."

టీచరమ్మ నవ్వింది. నవ్వి, "రేపు రా" అంది మళ్ళీ.

బుధవారం వచ్చింది. ఈసారి గొంతు తగ్గింది.

"నాదే ఏదో తప్పనుకుంటా. నీళ్ళలో నాని నాని, ఫోను నా వేళ్ళని గుర్తుపట్టడం లేదేమో. మా పక్కింటామె కొడితే వచ్చిందంట. దానికి ఇంత శ్రద్ధ కూడా లేదు, నిద్రమొహం."

"ఆవిడ కొట్టినప్పుడు సర్వర్ లేచి ఉంటుంది. నువ్వు రోజుకి పదిసార్లు పొడుస్తుంటే అదెలా లేస్తుంది?"

"అవునా? తెలీక పొడిచా." ఆమె చీటీని గాజుకు ఆనించింది. "ఒకటి అడుగుతా, కోప్పడకండి. ఈ చివరి చుక్క కూడా కొట్టాలా?"

టీచరమ్మకు పాత గది గుర్తొచ్చింది. ప్రశ్నలడిగే పిల్లలు గుర్తొచ్చారు. వీపు నిటారుగా అయింది.

"కాగితంలో ఏముందో అది కొట్టు. నీ తెలివి వాడకు."

లాండ్రీ ఆమె తల ఊపింది. పాపం అనిపించి కాబోలు, టీచరమ్మ తన కంప్యూటరులో కూడా కొట్టి చూపించింది. కళ్ళు చీటీ మీద, వేళ్ళు మీటల మీద. చివర చుక్క. 404. తెరను ఆమె వైపు తిప్పింది.

"చూశావా? నాకే రావట్లేదు."

"మీకే రాకపోతే ఇక నాకేం వస్తుంది," అని లాండ్రీ ఆమె కాస్త తేలికపడి వెళ్ళిపోయింది.

గురువారం వచ్చింది. శుక్రవారం నాలుగింటికి పరిగెత్తుకుంటూ వచ్చింది. ఒంటి మీద లాండ్రీ ఆప్రాన్ అలాగే ఉంది.

"రేపు రా," అంది టీచరమ్మ అలవాటు చొప్పున.

"రేపు లేదు కదమ్మా. ఇవాళే ఆఖరు."

"సర్వర్ డౌన్ అయితే తేదీ పొడిగిస్తారు. ఎప్పుడూ అంతే. నా మాట మీద వెళ్ళు."

ఎప్పుడూ అంతేనని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. నోటికి వచ్చింది, అనేసింది. ఆ మాట పట్టుకుని లాండ్రీ ఆమె రెండు చేతులూ జోడించి వెళ్ళిపోయింది. అయిదయింది. ఆఫీసు మూశారు. తేదీ ఎవరూ పొడిగించలేదు.

టీచరమ్మ తమ్ముడింట్లో ఉంటుంది. మరదలు ఒక కంపెనీలో పని చేస్తుంది. నలభైకి పైబడిన మనిషి, మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు. ఏ వెబ్‌సైట్లు నడుస్తున్నాయో, ఏవి ఆగిపోయాయో ఎనిమిది గంటలు తెర ముందు కూర్చుని చూడడమే ఆమె ఉద్యోగం. వదినా మరదళ్ళిద్దరికీ ఏడేళ్ళుగా ఒకే యంత్రం గురించి జీతం వస్తున్నా ఆ సంగతి వాళ్ళెప్పుడూ మాట్లాడుకోలేదు. ఇంట్లో మాట్లాడుకోవడానికి కూరలున్నాయి, చాకలి పద్దులున్నాయి, తమ్ముడి గురక ఉంది.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ బల్ల దగ్గర కూర్చుని పచ్చి బఠాణీలు ఒలుస్తున్నారు. తమ్ముడు పేపరు చదువుతున్నాడు.

"ఈ వారమంతా మా సర్వర్ పడుకునే ఉంది," అంది టీచరమ్మ.

"ఏ అంకె వస్తోంది?"

"నాలుగొందల నాలుగు."

మరదలి చేతిలో కాయ ఆగింది. "అయితే పడుకోలేదు వదినా. సర్వర్ లేచే ఉంది."

"లేచి ఉంటే పేజీ రావద్దూ?"

"నువ్వు ఒకరింటికి వెళ్ళి తలుపు కొట్టావనుకో. లోపలినించి ఒకావిడ వచ్చి, ఆ పేరుగలవాళ్ళు ఇక్కడ లేరమ్మా అంది. అదీ నాలుగొందల నాలుగు. ఇంట్లో మనిషే లేకపోతే ఆ మాట చెప్పేదెవరు?"

టీచరమ్మ కాయ చీల్చింది. గింజలు పళ్ళెంలో కాక బల్ల మీద పడ్డాయి.

"మరి నాలుగొందల మూడు?"

"ఆ మనిషి ఉన్నాడు. నిన్ను మాత్రం లోపలికి రానివ్వరు."

"మా అత్తగారిల్లు," అన్నాడు తమ్ముడు పేపరు దించకుండా.

"మీరు చేసిన నిర్వాకానికి గుమ్మం దాకా రానిచ్చారు, సంతోషించండి," అంది మరదలు. వదిన వైపు తిరిగింది. "ఇక అయిదొందలు. తలుపు తీశారు, కానీ లోపల ఏదో రభస. పాలు పొంగిపోతున్నాయి, ఎవరో జారిపడ్డారు, ఏమైందో చెప్పే తీరిక ఎవరికీ లేదు. అయిదొందల రెండంటే, గుమ్మంలో మనిషి బాగానే ఉన్నాడు, లోపలికెళ్ళి అడిగితే వాళ్ళే అర్థంపర్థం లేని జవాబిచ్చారు. అయిదొందల నాలుగంటే, అడిగాడు, వాళ్ళు ఎంతసేపటికీ పలకలేదు."

"అయిదొందల మూడు?"

"ఇంటినిండా జనం. లేదా ఇల్లు కడుగుతున్నారు. తర్వాత రండి. దానికి చెప్పొచ్చు నువ్వు, రేపు రండి అని. నాలుగుతో మొదలైతే ముందు అడిగినవాళ్ళ వైపు చూసుకోవాలి, ఏం అడిగాం, సరిగ్గా అడిగామా అని. అయిదుతో మొదలైతే అప్పుడు అనాలి సర్వర్‌ని. ఈ మాత్రం చెప్పలేదా మీ ఆఫీసులో?"

చెప్పలేదు. ఆవిడా అడగలేదు. ఏడేళ్ళలో ఎన్ని నాలుగులు వచ్చాయో ఆవిడ తలుచుకోబోయింది. మొహాలు గుర్తు రాలేదు. గాజు అవతల ఎత్తిపట్టిన చేతులు గుర్తొచ్చాయి.

లేచి వెళ్ళి సంచిలోనించి చీటీ తెచ్చి మరదలి ముందు పెట్టింది. మరదలు కళ్ళజోడు పెట్టుకుని ఫోనులో అక్షరం అక్షరం కొట్టింది. 404. చివర ఉన్న చుక్క తీసేసి మళ్ళీ నొక్కింది. పేజీ తెరుచుకుంది. పైన ఒక చెవి బొమ్మ. కింద, గడువు ముగిసింది అని ఒక ముక్క.

"ఈ చుక్క వల్లే. దానికి చుక్క కూడా అక్షరమే. చుక్క ఉన్న ఇల్లు వేరు, లేని ఇల్లు వేరు. ఎవరు పెట్టారిది?"

"ఆఫీసువాళ్ళే అలా పంపించారు," అంది టీచరమ్మ.

ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో ఆవిడకే వినపడింది. తమ్ముడు పేపరు మడిచి చీటీ తీసుకున్నాడు.

"ఏం కాదు. ఇది మా అక్క చుక్కే. మా పెళ్ళి కార్డులో నా పేరు పక్కన కూడా పెట్టింది. అక్కడితో నా కథ అయిపోయిందని అప్పుడే అర్థం కావాల్సింది నాకు." తన మాటకు తనే పగలబడి నవ్వాడు.

మరదలు నవ్వలేదు. పోనీలే వదినా అని కూడా అనలేదు. బల్ల మీద పడిన గింజలు ఒక్కొక్కటే ఏరి పళ్ళెంలో వేసింది. తిట్టినా బాగుండేది. టీచరమ్మ తల వంచుకుని, అప్పటికే ఒలిచేసిన కాయల్ని మళ్ళీ చీల్చి చూసింది.

నిద్రమొహం పక్కింటామె చుక్క చూసుకోకుండా కొట్టింది, లోపలికి వెళ్ళింది. శ్రద్ధగా చూసి కొట్టినవాళ్ళు బయట ఉండిపోయారు. ఒక్కామె మాత్రం చుక్క సంగతి అడిగింది. నీ తెలివి వాడకు అని ఈవిడే చెప్పింది.

సాయంత్రం మరదలు డాబా మీద బట్టలు తీస్తుంటే వెనకాలే వెళ్ళింది.

"వీళ్ళు తలుపు కొట్టినట్టు వాళ్ళకు తెలుస్తుందా?"

"ఎందుకు తెలీదు. ప్రతి తట్టుడూ రాసి ఉంటుంది. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏం అడిగారు, ఏం జవాబు చెప్పారు. అన్నీ ఉంటాయి."

"చుక్కతో సహా?"

"చుక్కతో సహా."

మరదలు దుప్పటి ఒక కొస ఆవిడ చేతికిచ్చింది. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని మడతపెట్టారు. మడత మడతకూ దగ్గరికి రావలసి వచ్చింది. టీచరమ్మ మరదలి మొహం చూడలేకపోయింది.

సోమవారం ఆఫీసులో అడుగు పెట్టగానే ఆఫీసరు పిలిచాడు. మన దగ్గర చీటీ తీసుకున్నవాళ్ళలో చాలామంది దరఖాస్తు అందలేదట, గొడవ చేస్తున్నారు, వినికిడి కేంద్రానికి ఒక ఉత్తరం కొట్టండి అన్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ నడుస్తూ చెప్పడం మొదలుపెట్టాడు.

"గత వారం మీ సర్వర్ పని చేయకపోవడం వల్ల..."

టీచరమ్మ వేళ్ళు ఆగాయి. ఎవరైనా చెబుతుండగా ఆ వేళ్ళు ఆగడం ఇదే మొదలు.

"సర్, సర్వర్ లేచే ఉంది."

"మీరేగా డౌన్ అన్నారు?"

"తెలీక అన్నాను. చీటీలో అడ్రసు తప్పు. కొట్టింది నేను."

ఆయన తలుపు వైపు చూసి, తలుపు దగ్గరికి వేశాడు.

"అలా రాస్తే ఆఫీసు పరువేం కాను? సర్వర్ మీదికి తోసేస్తే పోలా? దానికేమన్నా పెళ్ళాం పిల్లలా?"

"వాళ్ళ దగ్గర అంతా రాసి ఉంటుంది సర్. సర్వర్ పడుకుందని రాస్తే, పడుకోలేదని వాళ్ళకు తెలుసు. ఉత్తరం చెత్తబుట్టలో పడేస్తారు. అడ్రసు తప్పని రాస్తే, ఆ తప్పు అడ్రసుతో ఎవరెవరు తలుపు కొట్టారో చూస్తారు. గడువులోపలే కొట్టారని తేలుతుంది."

ఆయన నడక ఆపి కుర్చీలో కూర్చున్నాడు. "సరే. అయితే మీరే రాయండి. మీ పేరు కిందే వెళ్ళాలి. నాకు తెలీదు."

టీచరమ్మ రాసింది. "చీటీలో పొరపాటు దొర్లినది" అని మొదలుపెట్టింది. ఉత్తరాల్లో అలాగే రాస్తారు. ఇరవై రెండేళ్ళు అలాగే రాయించింది. పొరపాటు దొర్లుతుంది, ఆలస్యం జరుగుతుంది, కాగితం కనబడకుండా పోతుంది. ఎవరూ ఏమీ చెయ్యరు. ఆవిడ ఆ వాక్యాన్ని చాలాసేపు చూసింది. దొర్లడానికి అదేమన్నా దుంగా? ఎక్కడో గట్టు మీదనించి దానంతటదే వచ్చిందా?

చెరిపేసింది. "చీటీలో నేను తప్పు కొట్టాను" అని రాసింది. చెవులు వేడెక్కాయి. కింది వాక్యం ఇంకా కష్టమయింది. "అడిగినవారికి సర్వర్ పనిచేయడం లేదని చెప్పాను. ఒకరు తప్పు ఎక్కడుందో చూపించినా వినలేదు."

మర్నాడు వినికిడి కేంద్రం నుంచి జవాబు వచ్చింది. అనుకున్నంత కటువుగా లేదు, అనుకున్నంత మెత్తగానూ లేదు. ఆ తప్పు అడ్రసుతో శుక్రవారం అయిదు లోపల నలభై ఒక్క ఫోనుల నుంచి తట్టిన గుర్తులున్నాయి. ఆ ఫోనులు ఎవరివో తమకు తెలియదు. ఫోను పట్టుకుని స్వయంగా వస్తే, అందులో మిగిలిన జాడను తమ దగ్గరున్న దానితో సరిచూసి దరఖాస్తు తీసుకుంటారు. వచ్చే సోమవారం వరకే.

నలభై ఒక్క మంది. టీచరమ్మ ఎవరి పేరూ అడిగి ఉండలేదు. చీటీలు సందులోంచి తోసింది, అంతే. ఆచూకీ తెలిసింది ఒక్కరిదే. కంతకు నోరు పెట్టి తన గోడు తనే చెప్పుకుంది గనక.

బుధవారం సెలవు పెట్టి ఆసుపత్రి లాండ్రీకి వెళ్ళింది. నేల మాళిగ. ఆవిరి. ఇంత ఇంత కన్నాల ఉతుకు యంత్రాలు వరసగా గిర్రున తిరుగుతున్నాయి. లాండ్రీ ఆమె తడి దుప్పట్లు బండిలోకి లాగుతోంది. టీచరమ్మను చూసి గాభరా పడింది. గాజు పలక లేకుండా ఆవిడను చూడడం అదే మొదటిసారి.

"మీతో మాట్లాడాలండీ," అంది టీచరమ్మ.

"ఏంటి టీచరమ్మా, మీరూ గీరూ అంటున్నారు? ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదు. సర్వర్ డౌన్ కాలేదు. మీరు అడిగారు చూడండి, ఆ చివరి చుక్క. అది ఉండకూడదు. నేను పెట్టాను. మీరు సరిగ్గానే అడిగారు. నేనే..."

యంత్రాల మోతలో సగం మాటలు పోయాయి. మిగిలిన సగం చాలింది. లాండ్రీ ఆమె చేతులు ఆప్రాన్‌కు తుడుచుకుని, వేళ్ళు చాపి చూసుకుంది.

"అయితే నా వేళ్ళు మంచివేనా?"

"మంచివే."

"వారం నించి మా ఆయన్ని తిడుతూనే ఉన్నా, నా చేతులే దరిద్రపు చేతులని తిట్టుకుంటూనే ఉన్నా." ఆమె నవ్వింది. నిజంగా సంతోషించింది. టీచరమ్మ కోపం కోసం సిద్ధపడి వచ్చింది. ఈ సంతోషానికి ఎలా నిలబడాలో తెలియక బండి అంచు పట్టుకుంది.

"ఇవాళే వెళ్ళాలి. ఆయన్ని తీసుకుని, మీ ఫోను తీసుకుని."

"ఈ దుప్పట్లు నాలుగింటి దాకా వదలవు నన్ను. ఫోను ఇస్తా, మీరే తీసుకెళ్ళండి ఆయన్ని. మిల్లులోనే ఉంటాడు. గట్టిగా చెప్పాలి సుమండీ. సిగ్గుపడితే వినపడదు."

సామిల్లు రైలు పట్టాల పక్కన ఉంది. రేకుల కప్పు, రంపపు పొట్టు, పచ్చి చెక్క వాసన. రంపం మేస్త్రీ పొడుగాటి మనిషి, కనుబొమల మీద కూడా పొట్టు. టీచరమ్మ ఆయన ముందుకు వెళ్ళి నిలబడింది.

"నేను సహాయ కేంద్రం నుంచి వచ్చానండీ!"

"ఆ?"

"సహాయ కేంద్రం! చెవి మిషన్!"

"మిషన్ ఆపాలా?" ఆయన రంపం వైపు చూపించాడు.

"కాదు! మీ దరఖాస్తు! అది రాకపోవడానికి తప్పు..."

"తప్పా? ఎవరిది?"

"నాది!"

"ఆ?"

టీచరమ్మ గుండెల నిండా గాలి పీల్చింది. క్లాసులో పదకొండు మిషన్లు టకటకలాడుతుంటే వాటి మీదనించి వినపడేలా మాట్లాడిన గొంతు ఆవిడది. ఆ గొంతంతా తీసింది. సరిగ్గా అప్పుడే అవతల ఎవరో రంపం ఆపారు.

"తప్పు నాదండీ! మీ ఆవిడ సరిగ్గానే చేసింది! నేనే తప్పు రాసి, సర్వర్ మీద చెప్పాను!"

రేకుల కప్పు ఆ మాటను అటునించి ఇటు తిప్పి వదిలింది. దుంగల దగ్గరి మనుషులు తలలెత్తారు. గదిలోంచి ఓనరు బయటికి వచ్చాడు. మేస్త్రీ ఆవిడ పెదాల వైపే చూస్తున్నాడు. నెమ్మదిగా అర్థమైంది.

"ఓహో," అన్నాడు. చెవులు వినపడనివాళ్ళు మాట్లాడినట్టే గట్టిగా. "దానికింత అరవాలా? ఎవరన్నా వింటే బాగుండదు."

మిల్లంతా ఒక్కసారి గొల్లుమంది. టీచరమ్మ మొహం అప్పుడే ఆగిన రంపం కంటే వేడిగా కాలింది. నవ్వు తగ్గాక ఓనరు దగ్గరికి వచ్చి, "మిషన్ ఎన్నాళ్ళకు వస్తుందంటారు?" అని అడిగాడు. కేంద్రం వాళ్ళ జవాబులో ఆరు వారాలని ఉంది, అదే చెప్పింది. ఆయన మేస్త్రీ వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. "ఆరు వారాలు చెక్కలు లెక్కపెట్టమంటాను. వెళ్ళి రండి," అన్నాడు.

వినికిడి కేంద్రంలో ఫోను చూశారు. మంగళవారం పొద్దున ఏడు, ఏడూ పది, ఏడున్నర. బుధవారం ఆరు సార్లు. శుక్రవారం పదకొండు సార్లు. తమ దగ్గరి అచ్చు కాగితంతో పక్కపక్కన పెట్టి సరిచూస్తుంటే, ఎదుటి కుర్చీలో టీచరమ్మ కూర్చుని ఉంది. ప్రతి వరస చివరా ఒకటే జవాబు. లాండ్రీ ఆమె ఎన్నిసార్లు తలుపు కొట్టిందో అక్కడ చూసింది. మేస్త్రీ చెవి కొలత తీసుకున్నారు. పేరు జాబితాలో ఎక్కింది.

ఇంకా నలభై మంది.

గురువారం పొద్దున ఆవిడ ఒక కాగితం కొట్టి మూడో నంబరు కిటికీ గాజుకు బయటినుంచి అంటించింది. పెద్ద అక్షరాలు. "చెవి మిషన్ చీటీలో అడ్రసు తప్పు. తప్పు కొట్టింది ఈ కిటికీలో కూర్చున్న నేను. చీటీ తీసుకున్నవారు ఫోను పట్టుకుని లోపలికి రండి. సోమవారం లోపల." ఆఫీసరు చూసి, "ఈ కిటికీలో కూర్చున్న నేను అని అవసరమా?" అన్నాడు. ఆవిడ కాగితం అంచును ఇంకోసారి గట్టిగా నొక్కింది. ఆయన తీయించనూ లేదు.

లోపల కూర్చుంటే, వీధి వెలుతురుకు అక్షరాలు కాగితంలోంచి తిరగబడి కనిపించేవి. మనుషులు దగ్గరికి వచ్చి చదివేవాళ్ళు. చదవడం ఎక్కడ అయిపోయేదో ఆవిడకు తెలిసేది. కళ్ళు కాగితం వదిలి పక్కకు జరిగేవి, ఆవిడ మొహం మీదికి. కొందరు ఊరికే చూసి వెళ్ళేవాళ్ళు. పిల్లను ఎత్తుకున్న ఒకాయన పిల్లకు చూపించాడు, అదిగో ఆమే అని. మొదటి రోజు ఆవిడ ఆ చూపు వచ్చినప్పుడల్లా సొరుగులో ఏదో వెతికింది. రెండో రోజు సొరుగు తియ్యలేదు.

సోమవారానికి పద్దెనిమిది మంది వచ్చారు. ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, పేరు అడిగి రాసుకుని పంపింది. ఒక ముసలామె తిట్టింది. మొన్న మనవడి మాట వినపడక వాడు ఏడిస్తే నేను నవ్వాను తెలుసా అని తిట్టింది. టీచరమ్మ విన్నది. అయ్యాక పేరు అడిగింది.

మిగతా ఇరవై ఇద్దరూ రాలేదు. వాళ్ళెవరో ఆవిడకు ఎప్పటికీ తెలియదు. గడువు దాటింది గనక ఇక ఆ కాగితంతో పని లేదని బంట్రోతు తీయబోయాడు.

"ఉండనీ," అంది టీచరమ్మ.

"ఇంకెవరొస్తారమ్మా?"

"ఎవరూ రారు. ఉండనీ."

అవతల ఒక యువతి ఫోను ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. ముందు కాగితం చదివింది. తర్వాత ఆవిడ మొహం చూసింది. కంత దగ్గరికి వంగడానికి కాస్త తటపటాయించింది.

"ఇది... మీరేనాండీ?"

"నేనే," అంది టీచరమ్మ. "ఏ అంకె వస్తోంది? చూపించండి."